తడి అరచేతిలో చిటికెడు పొడి

ఫ్యాక్టరీలో అతన్ని అందరూ వడగాలి అనేవారు. అసలు పేరు జీతాలు పంచే గుమాస్తాకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఆరబెట్టే షెడ్డులో ఓవెన్ల ముందు నిలబడి జుట్టు నెరిసినవాడికి ఇంకేం పేరు పెడతారు? తమ్ముడేమో ఊరి చివర కోల్డ్ స్టోరేజీలో, చేపల పెట్టెల మధ్య, ఎముకలు కొరికే చలిలో పనిచేసేవాడు. వాడికి మంచుగడ్డ అని పేరు. ఆ పేరు పెట్టింది ఫ్యాక్టరీ గేటు ముందు టీ కొట్టు నడిపే ఆవిడ. "ఒక్క తల్లే ఎండనీ చలినీ కనేసింది, ఏం కడుపో మహాతల్లిది" అనేది, ఇద్దరూ కలిసి వచ్చినప్పుడల్లా. వాళ్ళు నవ్వేవారు. ఆ తల్లి మాత్రం ఈ వేళాకోళం వినడానికి లేదు. తమ్ముడికి నడక సరిగ్గా రాకముందే పోయింది. తండ్రి అంతకు ముందే పోయాడు.

అన్నే పెంచాడు. పెళ్ళి మాట ఎవరెత్తినా "ముందు వీడి ముక్కు తుడవనివ్వండి" అనేవాడు. వాడి ముక్కు తుడిచి, చదివించి, ఉద్యోగంలో చేర్చి, వాడికి పెళ్ళి చేసేసరికి తన పెళ్ళి వయసు కాస్తా దాటిపోయింది. అందుకు ఏడ్చిన మనిషేం కాదు. రెండు గదుల మేడింట్లో ముందుగది అతనిది, వెనకగది తమ్ముడూ మరదలిది. మరదలు కిటికీ పక్కన మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేది. ఆమె గుడ్డముక్క చూపించి "బావగారూ, దీనికి దారం" అంటే చాలు, డబ్బాలో ఉన్న నూరు రంగుల ఉండల్లోంచి సరిగ్గా దానికి కలిసేదే తీసి ఇచ్చేవాడు. కొట్టువాడు కూడా అంత బాగా కలపలేడని ఆమె వాడకట్టంతా చెప్పుకునేది. అతని కన్ను అలాంటిది. కూడు పెట్టిందీ ఆ కన్నే.

ఇక్కడ కాస్త ఆ పొడి గురించి చెప్పాలి. లేకపోతే అతను చేసిన తప్పు ఎంతటిదో తెలియదు.

వాళ్ళ ఫ్యాక్టరీలో రాగి లవణాన్నీ ఒక ఆమ్లాన్నీ ద్రావకంలో వేసి ఉడికించేవారు. రాగి కణుపవుతుంది, ఆమ్లం కర్రవుతుంది. కణుపుకీ కర్రకీ ముడిపడి, పైకీ కిందికీ పక్కలకీ పరంజా కట్టినట్టు అల్లుకుపోతుంది. అడుగున నీలం పొడి తేరుకుంటుంది. కంటికి పొడే. లోపలంతా గదులే. "ఈ చిటికెడు పొడిలో గోడలన్నీ విప్పి పరిస్తే మన షెడ్డు నేలంతా నిండుతుంది" అని లాబ్ మేడమ్ అంటే, వడగాలి మొదట్లో నవ్వాడు. తర్వాత నమ్మాడు. అన్ని గదులు కట్టి లాభమేమిటంటే, వాటిలో విషపు గాలిని బంధించవచ్చు. ఆ పొడిని డబ్బాల్లో నింపి, ముఖానికి కట్టుకునే మాస్కులకి బిగిస్తారు. అమోనియా ఆ గదుల్లోకి దూరి, రాగిని పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. పీల్చేవాడి ఊపిరితిత్తుల దాకా రాదు.

చిక్కేమిటంటే ఆ గదులు పుట్టడమే అద్దెకున్నవాళ్ళతో పుడతాయి. ఏ ద్రావకంలో ఉడికిందో అదే లోపల కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. అది మొండిది, ఓ పట్టాన కదలదు. దాన్ని గెంటలేక పొడిని మిథనాల్లో నానబెడతారు, షెడ్డులో దాన్ని స్పిరిట్ అంటారు. స్పిరిట్ మెల్లగా లోపలికి చేరి, మొండివాణ్ణి బయటికి నెట్టి తాను కూర్చుంటుంది. స్పిరిట్‌ని సాగనంపడం సులువు. ఓవెన్లో పెట్టి, లోపలి గాలి లాగేసి, సన్నగా వేడి చేస్తూ పోతే వెళ్ళిపోతుంది. తొందరపడి ఒక్కసారే వేడి పెంచితే మాత్రం గోడలు కూలి, పొడి ఉత్త దుమ్మవుతుంది. నిదానించి పెడితే గదులు నిలిచి ఖాళీ అవుతాయి. లోపల ఎవరైనా ఉన్నంతసేపు పొడి ఆకాశం రంగులో ఉంటుంది. అందరూ వెళ్ళిపోయాక సిరా రంగుకి, ముదురు ఊదాకి తిరుగుతుంది. ట్రేలో పోసిన పొడికి అంచులు ముందు ఖాళీ అవుతాయి, నడుమ భాగం చివర్న. దాన్ని షెడ్డులో కడుపు అంటారు.

వడగాలి పని ఆ కడుపు చూడటం. ట్రే బయటికి లాగి, గరిటెతో నడుమ చీల్చి, బయటి గాలిలోని తడి తగిలి రంగు మారేలోపు చూడాలి. లేత నీలం చాయ ఏ మాత్రం కనిపించినా "లోపలికి" అనేవాడు, ట్రే మళ్ళీ ఓవెన్లోకి పోయేది. కడుపంతా సిరాలా ఉంటే "పో" అనేవాడు. అతను "పో" అన్న పొడి డబ్బాల్లోకి, డబ్బాలు కోల్డ్ స్టోరేజీకి. అక్కడ చలి పుట్టించే అమోనియా గొట్టం ఎప్పుడైనా కారితే మాస్కు కట్టుకుని లోపలికి వెళ్ళే ఇద్దరు ముగ్గురిలో అతని తమ్ముడు ఒకడు. ఆ సంగతి అతను ఒక్క ట్రే చూసేటప్పుడు కూడా మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

కళ్ళకి పెట్టుకోమని ఫ్యాక్టరీ అద్దాలిచ్చింది, ముక్కుకి గుడ్డ ఇచ్చింది. ఓవెన్ తలుపు తీయగానే అద్దాలకి ఆవిరి పట్టేది. ఆవిరి పట్టిన అద్దాల్లోంచి లేత నీలం ఏదో ముదురు నీలం ఏదో ఎవడికి తెలుస్తుంది? అందుకని నుదుటి మీదికి నెట్టేసుకుని, మొహం తలుపులో పెట్టి చూసేవాడు. ఏళ్ళ తరబడి అదే పద్ధతి. సరిగ్గా చూడాలనే అద్దాలు తీశాడు. ఆ స్పిరిట్ ఆవిరే కళ్ళని కొద్దికొద్దిగా తినేసింది.

మొదట కనిపెట్టింది మరదలు. ఓ మధ్యాహ్నం నీలం రవిక గుడ్డ చూపించి దారం అడిగింది. అతను చాలాసేపు వెతికి ఒక ఉండ తీసి ఇచ్చాడు. అది బూడిద రంగు. వేళాకోళం ఆడుతున్నాడనుకుని ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

మర్నాడే అతన్ని కళ్ళ డాక్టర్ దగ్గరికి లాక్కుపోయింది. డాక్టర్ లైటు వేసి చూశాడు, అక్షరాలు చదివించాడు, రంగుల చుక్కల పుస్తకం తిప్పించాడు. చివరికి కంటి నరం వాడిపోతోందనీ, పోయింది తిరిగి రాదనీ, ఆ షెడ్డులో ఇంకో రోజు కూడా నిలబడొద్దనీ చెప్పాడు. దారిలో మరదలు ఒక్కటే అడిగింది.

"ఫ్యాక్టరీలో చెప్తారా బావగారూ?"

"చెప్పకుండా ఎలా ఉంటానమ్మా."

వారం తిరక్కుండానే మళ్ళీ అడిగింది. "చెప్పేశాను. ఇప్పుడు రంగు మేడమే చూస్తోంది. నేను ఉత్త తలుపులు తీసి వేయడమే" అన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది. అన్నం ఇంకో ముద్ద తినమని బతిమాలింది కూడా.

అతను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఉద్యోగం పోతుందనే భయం కాదు. మేడమ్ మంచిది, స్టోరులోనో గేటు దగ్గరో కూర్చోబెట్టి ఉండేది. అతని భయం వేరు. తన చోటికి ఇంకొకడొస్తాడు. వాడు కడుపు చూస్తాడో చూడడో. పై పొడి చూసి "పో" అనేస్తాడేమో. వాడికేం, వాడి తమ్ముడు మాస్కు కట్టుకోడు. చూపున్న ముక్కూమొహం తెలియనివాడి కంటే చూపు లేని తానే నయమని నిజంగా నమ్మాడు. ప్రేమ మనిషిని ఎంత మూర్ఖుణ్ణి చేస్తుందో చెప్పడానికి వీడొక్కడు చాలు. తిట్టాలనిపిస్తుంది, తిట్టడానికి నోరు రాదు.

మరి ఎలా నెట్టుకొచ్చాడంటే, చేత్తో. ఒకసారి చెయ్యి కడుక్కుని తుడుచుకోకుండానే గరిటె పట్టుకుంటే, చిటికెడు పొడి తడి అరచేతిలో పడి చురుక్కుమని వేడెక్కింది. అతను ఉలిక్కిపడ్డాడు. తర్వాత అర్థమైంది. గదులు ఖాళీగా ఉంటే నీళ్ళు ఎగబడి లోపలికి దూరతాయి. ఆ దూరడంలో వేడి పుడుతుంది. లోపల స్పిరిట్ కూర్చుని ఉంటే నీళ్ళు దాన్ని నెట్టుకుంటూ, సర్దుకుంటూ చేరతాయి. వేడి అంతగా రాదు, చెయ్యి గోరువెచ్చన కూడా కాదు. ఆనాటి నుంచి కడుపు చీల్చడం, అందరికీ కనబడేలా వంగి చూడటం నటన. అసలు పని తడి చేతిలో నడిచేది. అతను "పో" అన్నవాటిలో అప్పుడప్పుడు కొన్నిటిని లాబ్‌లో వేడి చేసి, ఎంత బరువు తగ్గిందో చూసే యంత్రంలో పరీక్షిస్తే అన్నీ సరిగ్గానే తేలాయి. తన చెయ్యి తన కన్నుని మించిందని అతనికి గర్వం కూడా కలిగింది.

తమ్ముడికి మాత్రం దొరికిపోయాడు. సెలవు రోజు వాడు అన్నం క్యారియర్ పట్టుకుని షెడ్డుకి వచ్చి, తలుపు పక్కన నిలబడి అంతా చూశాడు.

"ఏంటన్నయ్యా, అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నావు అందరికీ?"

అన్న చెప్పాల్సివచ్చింది. తమ్ముడు ఆ నీలం పడ్డ అరచేతిని పట్టుకుని తన మొహం మీద పెట్టుకున్నాడు.

"సరేలే. నీ చేతికే కళ్ళొచ్చాయనుకుంటా. మీ మరదలికి చెప్పను, చెప్తే నిన్నూ నన్నూ కలిపి ఇంట్లోంచి గెంటుతుంది."

"నీకు భయం లేదురా?"

"నువ్వు పంపిన డబ్బాకి నాకు భయమేంటి అన్నయ్యా" అన్నాడు వాడు, క్యారియర్ విప్పుతూ.

చలికాలం ముదిరింది. కోల్డ్ స్టోరేజీ వాళ్ళు పాత డబ్బాలన్నీ ఒకేసారి మార్చేయాలని కబురు పెట్టారు. ఓవెన్లో ట్రేలు ఎప్పటికంటే మందంగా నింపారు. సరిగ్గా అప్పుడే లాబ్‌లో బరువు చూసే యంత్రం చెడింది. మేడమ్ షెడ్డుకి వచ్చి చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడింది.

"మెకానిక్ ఎప్పుడొస్తాడో తెలీదండీ. మీరు చూస్తారుగా? మీ కన్ను చాలు నాకు."

ఆ మాటకి అతను నిజం చెప్పేసి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. మేడమ్ అప్పటికే వెనక్కి తిరిగింది.

అతనికో అలవాటుండేది. పొడి పట్టుకునే ముందు ఓవెన్ తలుపు మీద చేతులు ఆనించి కాసేపు నిలబడేవాడు. ఎందుకని అడిగితే అతనికీ తెలియదు, కీళ్ళ నొప్పులకి హాయిగా ఉంటుందనేవాడు. ఆ పొద్దున ఓవెన్ ముందే ఆపి ఉంచారు, తలుపు చల్లబడింది. అతను మంచులో నడిచి వచ్చాడు. కొళాయి నీళ్ళు వేళ్ళని కొరికేస్తున్నాయి. కడుపులోంచి చిటికెడు తీసి తడి అరచేతిలో వేసుకుని ఎదురుచూశాడు. వెచ్చగా తగిలింది. వేళ్ళు కొంకర్లు పోయినవాడికి గోరువెచ్చని నీళ్ళు కూడా సలసల కాగినట్టుంటాయి. ఇంట్లో స్నానం చేసే ప్రతివాడికీ తెలిసిన సంగతే. అతనికి ఆ క్షణాన తట్టలేదు.

"పో" అన్నాడు.

కొత్త డబ్బాలు చేరిన కొద్ది రోజులకే, మధ్యాహ్నపు షిఫ్టులో అమోనియా గొట్టం కీలు ఊడింది. కోల్డ్ స్టోరేజీలో ఉన్నవాళ్ళంతా ముక్కులు మూసుకుని బయటికి పరిగెత్తారు. అమోనియాని అణచడానికి గుమ్మంలోంచి నీళ్ళు చిమ్మించారు, లోపలంతా తడి పొగలా కమ్ముకుంది. వాల్వు ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలిగేది మంచుగడ్డే. కొత్త డబ్బా బిగించిన మాస్కు కట్టుకుని లోపలికి వెళ్ళాడు. వాల్వు కట్టేశాడు. తిరిగి వచ్చేటప్పుడు నడిచి రాలేదు, పాకుతూ వచ్చాడు. గుమ్మం దగ్గర ఇద్దరు చంకల కింద చేతులు వేసి లాగారు.

ఆసుపత్రిలో వాడి కళ్ళకి కట్లు, ముక్కులో గొట్టాలు. గొంతు లోపలంతా కాలిపోయిందన్నారు. మరదలు ఒక పక్క, అన్న ఒక పక్క. వాడు అన్న చెయ్యి తడిమి గుర్తుపట్టి, మాట మాటకీ ఆగుతూ చెప్పాడు.

"లోపలికెళ్ళగానే... స్పిరిట్ వాసనొచ్చింది అన్నయ్యా. నీ చొక్కా వాసన. నువ్వు పక్కనే ఉన్నావనిపించింది. అందుకే... భయం వెయ్యలేదు. వెనక్కి రాలేదు."

మరదలు ఆ మాటలకి కళ్ళు తుడుచుకుని, అన్నదమ్ములంటే ఇలా ఉండాలి అన్నట్టు అతనికేసి చూసింది. వాడు చెప్పినదేమిటో ఆ గదిలో వడగాలి ఒక్కడికే తెలిసింది. మాస్కులో స్పిరిట్ వాసన ఎందుకొస్తుంది? గదులు ఖాళీ కాలేదు. తడిగాలి లోపలికి వచ్చి స్పిరిట్‌ని బయటికి నెట్టింది, స్పిరిట్ వాడి ముక్కులోకి పోయింది. వెనకే అమోనియా వచ్చింది. దానికి లోపల చోటెక్కడిది? నిండిన గదుల పక్కనుంచి తిన్నగా నడిచి వాడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. వాసన రాగానే మామూలు మనిషైతే అనుమానపడి బయటికి పరిగెత్తేవాడు. వీడు అన్న ఉన్నాడనుకుని ఇంకా లోపలికి పోయాడు. అతను తమ్ముడి చెయ్యి వదల్లేదు. మర్నాడు తెల్లారేసరికి వాడు పోయాడు.

విచారణ ఫ్యాక్టరీలోనే, డబ్బాలు నింపే హాల్లో పెట్టారు. కోల్డ్ స్టోరేజీ అధికారి వచ్చాడు. ఫ్యాక్టరీ మేనేజర్, లాబ్ మేడమ్, వడగాలి ఉన్నారు. మరదల్ని పిలవలేదు, ఆమే వచ్చి గోడ పక్కన కుర్చీలో కూర్చుంది. అప్పటికి చలికాలం పోయి ఎండలు మొదలయ్యాయి, రేకుల కప్పు కింద హాలు ఉడికిపోతోంది.

అధికారి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "మాస్కు పట్టీ వదులుగా ఉందని లాగినవాళ్ళు చెప్తున్నారు. అతను కంగారులో సరిగ్గా కట్టుకోలేదు. మనిషి మంచివాడే. అజాగ్రత్త."

మేనేజర్ వెంటనే తలూపాడు. ఆ మాటతో ఫ్యాక్టరీ మీద పడాల్సింది కాస్తా చచ్చినవాడి మీదికి పోయింది. అంతకన్నా తేలిక దారి ఏముంటుంది? మరదలు లేచి నిలబడింది.

"ఆయన ఇంట్లో చెప్పుల పట్టీ కూడా రెండుసార్లు చూసుకునే మనిషండీ" అంది.

"పొడి విషయంలో సందేహం లేదు" అంది మేడమ్, నేల చూపులు చూస్తూ. "యంత్రం లేకపోయినా, ఆ రోజు ప్రతి ట్రే మా వడగాలి గారు చూశారు. ఇన్నేళ్ళలో ఆయన కన్ను తప్పింది లేదు."

మరదలు తల తిప్పి బావగారి వైపు చూసింది. ఆ చూపు అతనికి కనబడలేదు. కనబడకపోయినా తగిలింది.

"అదే రోజు నింపిన డబ్బా ఒకటి, సీలు తియ్యనిది తెప్పించండి" అన్నాడు వడగాలి.

తెచ్చారు. కోసి, పొడిని తెల్ల కాగితం మీద పోశారు. హాల్లో ఉన్నవాళ్ళందరూ ముందుకి వంగారు. మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అందరికీ ఆ లేత ఆకాశం రంగు కనిపించింది, అతనికొక్కడికే కనిపించలేదు. అతనికది తెల్ల కాగితం మీద బూడిద కుప్ప.

బల్ల మీద గ్లాసు కోసం తడిమాడు. చెయ్యి తగిలి గ్లాసు దొర్లబోయింది, ఎవరో పట్టుకుని అందించారు. అరచేతిలో కొంచెం నీళ్ళు పోసుకున్నాడు. చిటికెడు పొడి తీసుకుని ఆ నీళ్ళలో వేశాడు. వేసి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. అతను ఏం చేస్తున్నాడో మొదట ఎవరికీ అర్థం కాలేదు. రంగు కనబడక చేత్తో చూస్తున్నాడని తర్వాత ఒక్కొక్కరికీ అర్థమైంది. మేనేజర్ "ఇదేంటి" అనబోయి ఆగిపోయాడు. చెమట పట్టిన వెచ్చని చెయ్యి అది. వేడి పుడితే తెలియకుండా ఉండదు.

మరదలు బల్ల దగ్గరికి నడిచి వచ్చింది. అతని చేతిలోని నీలం బురదలో వేలు ముంచి చూసింది.

"చల్లగా ఉంది" అంది.

"అవునమ్మా. పట్టీ బాగానే కట్టుకున్నాడు. నేనే..."

"మేడమ్ చూస్తోందన్నారు కదా, బావగారూ."

గట్టిగా అనలేదు. డాక్టర్ దగ్గర్నుంచి వచ్చే దారిలో అడిగినట్టే అడిగింది. అతను చెయ్యి చాపుకునే నిలబడ్డాడు. నీలం నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారి కాగితం మీద పడుతున్నాయి. ఆమె కొంగుతో వేలు తుడుచుకుని, అతన్ని అక్కడే వదిలి బయటికి వెళ్ళిపోయింది.